జోరీగ కాలు బరువు

తిరుగుతూనే ఉంది ఆ చక్రం, తెర మధ్యలో, నీలంగా, సిగ్గూ శరమూ లేకుండా. తిరిగి తిరిగి చివరికి ఏం చెబుతుందో ఆమెకు తెలుసు, పొద్దుటినుంచీ చెబుతూనే ఉంది, ఫైలు చాలా పెద్దది, తీసుకోవడం కుదరదు, మళ్లీ ప్రయత్నించండి అని. ఏం ప్రయత్నించాలి, తన తలకాయా? పెద్దదట! పురుగుల పుస్తకం అది, మిడతలూ కందిరీగలూ జోరీగలూ తప్ప అందులో ఒక్క ఏనుగైనా లేదు, చేతిలో పట్టుకుంటే పలకంత ఉండే పుస్తకం, అచ్చాఫీసు వాళ్ల సైటు గుమ్మంలో ఇరుక్కుపోయి లోపలికీ పోదు, వెనక్కీ రాదు. "ఆ బొమ్మలన్నీ ఫోటోలు చేసి పారెయ్యమ్మా, ఎంతసేపు? నేను సార్ని తీసుకొచ్చేసరికి లోపలి పేజీలు వెళ్లిపోవాలి, ఈ పూట దాటితే మిషను ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు" అని, బండి తాళం వేలికి తిప్పుకుంటూ వెళ్లాడు యజమాని. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. ఈ డీటీపీ ఆఫీసులో ఆమె పేజీలు కట్టడం మొదలుపెట్టినప్పటినుంచీ ఆయనకు తెలిసిన వైద్యం ఇదొక్కటే, ఏ బొమ్మ మొరాయించినా ఫోటో చేసి పారెయ్యడం. పారెయ్యడం ఆయనకు తేలికే. గీసింది ఆయన అక్క కాదుగా.

గీసింది తన అక్క. ఆ సంగతి ఈ గదిలో ఎవరికీ తెలియదు, చెప్పొద్దని అక్క ఒట్టు పెట్టించుకుంది, నీ ఉద్యోగానికి ముప్పు తెచ్చుకోకే అని, తన ముప్పేదో తీరిపోయినట్టు. చక్రం ఆగింది. ఫైలు చాలా పెద్దది. ఊఁ, విన్నాంలే. మిగతావాళ్లంతా భోజనాలకు వెళ్లిపోయారు, కిటికీ దగ్గర ప్రూఫుల తాతగారు ఒక్కరే మిగిలారు, ఆయన భోజనం పదింటికే అయిపోతుంది, ఇప్పుడు ఎర్రకలం చెవి మీద పెట్టుకుని మొదటి పేజీని పైకీ కిందికీ చూస్తున్నారు. "రచన, చిత్రాలు, రెండూ ఒక్కడేనటమ్మా! మహానుభావుడు, ఎంత చెయ్యి తిరిగినవాడో" అన్నారు మురిసిపోతూ. ఆమె పళ్లు బిగబట్టి ఊఁ అంది. చెయ్యి తిరిగినవాడట, తిరిగింది ఎవరి చెయ్యో ఆ దేవుడికి తెలియాలి, సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు. ఆయన్ని అని ఏం లాభం, పాపం, కాగితం మీద ఉన్నది చదివారు, అక్షరదోషం ఒక్కటీ లేదు ఆ పేజీలో, అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అబద్ధం ఒక్కటే.

అసలు గీతల బొమ్మ అంటే ఏమిటో తెలుసా ఈ మనుషులకి? అందులో బొమ్మ ఉండదు, గీసిన చెయ్యి ఎటు కదిలిందో ఉంటుంది, ఇక్కడ మొదలైంది, ఇలా వంగింది, ఇక్కడ సన్నబడింది, ఇక్కడ ఆగింది అని, ఒక్కో గీతకీ ఒక్కో కథ, అందుకే గోడంత పెంచినా గీత గీతగానే నిలబడుతుంది, చెదరదు. ఫోటో చెయ్యడమంటే ఆ కదలికంతా ఊడ్చేసి దాని స్థానంలో చుక్కలు పరచడం, బియ్యపు గింజలు పరిచినట్టు, దూరంనుంచి చూస్తే బొమ్మే, దగ్గరికెళ్తే ఉత్త మసక. ఇంటి బొమ్మకో కుండ బొమ్మకో అయితే సరే, ఎవడు పట్టించుకుంటాడు, కానీ ఇది జోరీగ కాలు, ఆ కాలి మీద వెంట్రుకలున్నాయి, ఆ వెంట్రుకలు ఎన్ని వరసల్లో ఉన్నాయన్నదాన్ని బట్టే ఏ జాతి జోరీగో చెబుతారట, పుస్తకమంతా నడిచేదే ఆ వెంట్రుకల మీద. "ఎక్కడున్నావే?" అని తను ఫోన్ చేస్తే "ఉండవే, కాలి మీదున్నాను" అనేది అక్క, అది విని మొదట్లో ఎంత నవ్విందో తను, జోరీగ కాలి మీద సంసారం పెట్టావా అని. నిజంగానే పెట్టింది. ఒక్కో వెంట్రుకకీ ఊపిరి బిగబట్టేది, గీత పూర్తయ్యాక వదిలేది, కంప్యూటరుకి తగిలించిన గాజుపలక మీద కలం ఆనించి ఎన్నేళ్లు అలా, పదా, పన్నెండా, ఆ పని చేసీ చేసీ మాట్లాడేటప్పుడు కూడా మధ్యలో ఊపిరి ఆపేయడం అలవాటైపోయింది. ఇంట్లో బొద్దింక కనపడితే మంచమెక్కి అరిచే మనిషి! బావ వేళాకోళం బావది, "నా నెత్తిమీద రాలిపోయిన వెంట్రుకల్ని అడిగినవాళ్లు లేరు గానీ, ఈగ కాలి మీదవి మాత్రం లెక్క తప్పకూడదట" అని. అక్క నవ్వేది, కళ్లు తుడుచుకునేది, అప్పటికే కళ్లు నీళ్లు కారేవి, అద్దాలు మారాయి, మళ్లీ మారాయి.

ఇంతా చేసి ఏం దక్కింది? పురుగుల పరిశోధన సంస్థలో, ఓ శాస్త్రవేత్త కింద, ఏడాదికోసారి కాగితం మీద పొడిగించే ఉద్యోగం, ఓ ఏడాది పొడిగించలేదు, అంతే. కలమూ గాజుపలకా సంస్థవి, కంప్యూటరు సంస్థది, బొమ్మలన్నీ ఆ కంప్యూటరులోనే ఉండిపోయాయి, అక్క గొడుగు పట్టుకుని ఇంటికొచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే కదా. ఇదంతా జరిగింది పోయినేడాది కాదు, ఆ ముందటేడు. ఇక్కడ తమాషా ఏమిటంటే, ఊళ్లో ఇన్ని డీటీపీ ఆఫీసులుండగా ఆ శాస్త్రవేత్త గారి పుస్తకం వచ్చి వచ్చి ఈ బల్ల మీదే పడింది, మొదటి ఫైలు తెరవగానే ఆమె చెయ్యి ఆగిపోయింది, ఎవరి బొమ్మ అని చూడక్కర్లేదు, ఆ సన్నబడే గీత తను చిన్నప్పటినుంచీ చూసినదే, స్కూలు పుస్తకాల అట్టల మీద, ఉతికిన దుప్పటి మీద, ఎక్కడ ఖాళీ కనపడితే అక్కడ. ఆ రోజు సాయంత్రమే అక్కకి చెప్పింది. "పోనీలేవే" అంది అక్క. పోనీలేవే! పాలు పొంగిపోతే పోనీలే, బస్సు వెళ్లిపోతే పోనీలే, పన్నెండేళ్ల చూపు పోతే కూడా పోనీలేనా? తను అరిచి అరిచి, అన్నం మానేస్తానని బెదిరించి, చివరికి అక్కని పంపించింది ఆయన దగ్గరికి, వెళ్లి అడుగు, నా పేరెందుకు లేదు అని ఒక్క ముక్క అడుగు అని.

వెళ్లింది. ఆయన కూర్చోబెట్టాడట, టీ తెప్పించాడట, ఆ మర్యాదలకేం లోటు లేదు. మాట మెత్తన. "నీ చెయ్యి సాయం మర్చిపోతానా అమ్మా, ముందుమాటలో రాశాను చూడు, సహకరించిన సిబ్బందికి అని" అన్నాడట. సిబ్బంది! ఫ్యాను బాగుచేసినవాడూ సీసాలు కడిగినావిడా అక్కా అందరూ కలిసి ఒక్క మాట, వాళ్ల పని తక్కువని కాదు, వాళ్ల పేర్లు కూడా వెయ్యి, ఎవరొద్దన్నారు, కానీ బొమ్మల పక్కన నీ పేరెందుకు? "ప్రతి షీటు కిందా మూలన సంతకం పెట్టాను సార్" అందట అక్క. "ఆ షీట్లేవీ ఇప్పుడు లేవమ్మా, మావాళ్లు ముక్కలు చేసి ఇచ్చారు, కాలొకటి, రెక్కొకటి, మూతొకటి, నా దగ్గరున్నవి ఆ ముక్కలే, వాటి మీద ఎవరి సంతకాలూ లేవు" అన్నాడట, అదేదో వానకి కొట్టుకుపోయినట్టు, మనుషులు చేసిన పని కానట్టు. అక్క టీ గ్లాసు తనే కడిగిపెట్టి వచ్చింది. అది చెబుతున్నప్పుడు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది, గ్లాసెందుకు కడిగావే అని అరిచింది, గ్లాసు మీద ఎందుకు అరిచిందో తనకే తెలియదు.

సరే, ఫోటో. చెయ్యాలి కదా, పని పనే, జీతం తీసుకుంటున్నాం కదా. జోరీగ వెనక కాలు తెరిచింది, ఫోటోగా మార్చు అన్న మీట నొక్కింది, రెప్పపాటు కూడా పట్టలేదు, యజమాని అన్నది నిజమే, ఎంతసేపు. పెద్దది చేసి చూసింది. వరసలు లేవు. కాలి అంచున బూడిదరంగు మరక, తడి గోడ మీద బూజు పట్టినట్టు, అందులో వెంట్రుక ఎక్కడ, నీడ ఎక్కడ. చుక్కలు చిన్నవి చేసి మళ్లీ చూసింది, వరసలు లీలగా వచ్చాయి, ఫైలు మళ్లీ ఉబ్బింది. అటు నుయ్యి, ఇటు గొయ్యి. ఆమె చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. పేరు ఎలాగూ తీసేశారు, ఇప్పుడు ఆ మిగిలిన గీతలు కూడా, తన అక్క బొమ్మల్ని తన చేత్తోనే, ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? చేసిన మార్పు రద్దు చేసింది. వెంట్రుకలు తిరిగి వరసల్లో నిలబడ్డాయి.

అసలు ఒక్క కాలు ఇంత బరువెలా ఉంటుంది? కోపం కాస్త పక్కకి జరిగి ఆ ప్రశ్నకు దారి ఇచ్చింది. ఇందాకటినుంచీ బొమ్మల్ని తిడుతోంది, సైటుని తిడుతోంది, ఒక్కసారైనా తూకం వేసి చూసిందా? చూసింది. వెనక కాలు ఇరవై ఎంబీ. సరే, వెంట్రుకలు. దాని మూతి ఇరవై ఎంబీ. రెక్క ఇరవై. రెక్క మీద ఏముంటాయి, నాలుగు నరాలు, దానికి ఇరవయ్యా? కంటి బొమ్మ కూడా ఇరవై, చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. పక్కింటి నలుగురు పిల్లలూ ఒకే ఎత్తులో ఉంటే ఎవరికైనా అనుమానం రాదూ? మిడత తెరిచింది, మిడత ముక్కలన్నీ పదిహేడు. ఆమె వీపు నిటారుగా అయింది. రెక్క బొమ్మను లోపలికి తెరిచి, దాని చుట్టూ ఉన్న చట్రాన్ని పట్టుకుని, నెమ్మదిగా పక్కకి లాగింది. రెక్క పక్కన వీపు వచ్చింది. ఇంకా లాగింది. తల వచ్చింది, ఆరు కాళ్లు వచ్చాయి, మూతి వచ్చింది, తెల్లటి షీటు మీద జోరీగ మొత్తం, చెక్కుచెదరకుండా, ఇప్పుడే వచ్చి వాలినట్టు. కింద కుడి మూలన, చీమ తలకాయంత అక్షరాల్లో, అక్క పేరు, ఇంటిపేరుతో సహా, సంవత్సరంతో సహా.

ఆమె నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. తాతగారు తలెత్తి, "ఏమిటమ్మా, కరెంటు కొట్టిందా?" అన్నారు. లేదండీ అంది. మిడత చట్రం లాగింది, మిడత మొత్తం, మూలన పేరు. కందిరీగ నడుము పట్టుకుని లాగితే కందిరీగ మొత్తం, మూలన పేరు. ఇది సంతోషమా అంటే కాదు, సంతోషం ఇలా మండదు. ముక్కలు చేసినవాళ్లు దీన్ని కత్తెర అనుకున్నారు! కాగితం కోసినట్టు కోసేశామనుకున్నారు, కోసిన మూల చెత్తబుట్టలో పడిందనుకున్నారు, గీతల బొమ్మలో చట్రం దగ్గరికి జరిపితే మిగతాది పోదురా నాయనా, దాని మీద గుడ్డ కప్పినట్టు, అంతే, మొత్తం వెనకాలే ఉంటుంది, కాలు కోసుకుంటే జోరీగంతా కాలితోపాటు వస్తుంది. అందుకే ఈ బరువు. పదీ పన్నెండు షీట్లు, నలభై యాభై ముక్కలు, ప్రతి ముక్క వెనకా ఒక షీటు మొత్తం, అంటే ఒకే జోరీగని నాలుగుసార్లు, ఒకే మిడతని ఐదుసార్లు మోస్తోంది ఈ పుస్తకం, ప్రతిసారీ అక్క పేరుని కూడా మోస్తోంది. ఫైలు ఎందుకు వెళ్లట్లేదని పొద్దుటినుంచీ తిట్టింది, ఆ వెళ్లనివ్వంది ఎవరో ఇప్పుడు తెలిసింది. పన్నెండేళ్ల చాకిరీని తుడిచేశామనుకున్నారు, నేర్పు మాత్రం ఇంతే, తుడవడం కూడా సరిగ్గా రాలేదు.

ఇప్పుడేం చెయ్యాలి? దారులు ఆమెకు తెలుసు. ఫోటో చేస్తే పేరు నిజంగానే పోతుంది, ఈసారి శాశ్వతంగా, కాబట్టి ఆ దారి మూసేసినట్టే. రెండోది, ప్రతి షీటునీ లోపల ఒక్కసారే పెట్టి, కావలసిన చోటల్లా దాన్నే చిన్న కిటికీలోంచి చూపించడం, కాలు కావాలంటే కాలు దగ్గర కిటికీ, రెక్క కావాలంటే రెక్క దగ్గర, బరువు నాలుగో వంతుకి పడిపోతుంది, గీతలు చెదరవు, పేరు కిటికీకి అవతల భద్రంగా ఉంటుంది. ఎవరూ ఏమీ అనలేరు. ఉద్యోగానికి ఢోకా లేదు, ఒట్టు తప్పక్కర్లేదు. మూడోది, కిటికీలు తీసిపారేసి, షీటుని షీటులాగే ఒక పేజీలో నిండుగా పెట్టడం, కాలూ రెక్కా పక్కన చిన్న అంకెలు వెయ్యడం, బరువు అంతే తగ్గుతుంది, చదివేవాడికి పురుగు మొత్తం కనపడుతుంది, మూల కూడా. ఆమె వేలు రెండోదాని వైపే వెళ్లింది, ఎంతైనా జీతగత్తె కదా. వెళ్లి ఆగింది. ఫోన్ తీసింది.

"ఏంటే, ఈ టైములో? గొంతు అలా ఉందేం?" అంది అక్క, వెనక బట్టలు దులుపుతున్న చప్పుడు. ఆమె గబగబా చెప్పేసింది, చట్రం సంగతి, లాగితే వచ్చిన జోరీగ సంగతి, మూలన పేరు సంగతి. దులుపుడు ఆగింది. "నీ పేరు ఎక్కడికీ పోలేదే అక్కా. ప్రతి కాలి వెనకా ఉంది, ప్రతి రెక్క వెనకా ఉంది. దాన్ని అలాగే లోపల ఉంచేస్తాను. ఎవరికీ కనపడదు, ఎవరితోనూ గొడవుండదు, కానీ ఉంటుంది." అక్క సంతోషిస్తుందనుకుంది, పోనీలే అనే మనిషికి ఇంతకన్నా ఏం కావాలి అనుకుంది.

"కనపడదా?" అంది అక్క.

"కనపడదు."

"అచ్చులో?"

"అచ్చులో అసలుండదే. కాగితం వెనక్కి తిప్పితే అవతలి పేజీ, అంతే కదా."

అక్క ఊపిరి ఆపిందో, ఫోనే ఆగిపోయిందో ఆమెకు అర్థం కాలేదు. తరవాత వచ్చిన గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. "ఆయన గదిలో నా బల్ల ఎక్కడుండేదో తెలుసా నీకు? బీరువా వెనక. పెద్దవాళ్లెవరైనా వస్తే బీరువాకి ఇవతలే నిలబెట్టి మాట్లాడి పంపేసేవాడు. బొమ్మలు ఎవరు గీస్తారండీ అని వాళ్లడిగితే, ఏదో మేమే అలా గీసుకుంటాం అనేవాడు. నేను వినేదాన్నే. లేచి రావాలనిపించేది. గీత మధ్యలో ఉండేదాన్ని, కదిలితే వంకరపోతుందని ఊపిరి బిగబట్టుకుని కూర్చునేదాన్ని. మీ బావకి చెప్పలేదు, నీకూ చెప్పలేదు. కనపడకుండా ఉండటం నాకు కొత్తా? ఇన్నేళ్లూ ఉన్నది అలాగేగా! నువ్వు కూడా నన్ను తీసుకెళ్లి బీరువా వెనకే కూర్చోబెడతానంటావేంటే?" అక్క అరుస్తోంది. బొద్దింకని చూసి తప్ప ఎప్పుడూ అరవని అక్క. "పెట్టు. షీటు మొత్తం పెట్టు. ఎవరేమంటారో నేనూ చూస్తాను. ఒట్టూ లేదు, గట్టూ లేదు."

ఫోన్ పెట్టేసింది ఎవరో కూడా ఆమె చూసుకోలేదు, చేతులు అప్పటికే పనిలో పడ్డాయి. సిగ్గేసింది ఒక్క క్షణం, అంత తెలివైన కిటికీ ఉపాయం తనకెలా తట్టిందా అని, తట్టడమే కాదు, వరమిచ్చినట్టు అక్కకి చెప్పింది కూడా. సిగ్గుపడటానికి తీరిక లేదు. ముక్కలన్నీ తీసేసింది, ఒక్కో పురుగుకీ ఒక్కో షీటు, అడ్డంగా కాదు, నిండుగా, మూల తెగకుండా అంచు నుంచి చోటు వదిలి. అంకెలు వేసింది, కింద వివరాలు సర్దింది, పేజీలు పెరగలేదు, ముక్కలు పోయినచోట చోటు మిగిలింది కూడా. ప్రింటు తీసిచ్చిన పేజీల్లో రెండు తాతగారు పట్టుకొచ్చి "ఇక్కడ అంకె పడలేదమ్మా" అన్నారు, మూలన పేరు దగ్గర కళ్లజోడు పైకి జరిపి ఆగారు, ఆమె వైపు చూశారు, అంకె మాత్రం దిద్దించి వెళ్లారు. ఆమె పంపు అన్న మీట నొక్కింది. చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. అందినది, ధన్యవాదములు. ఏడ్చినట్టుంది ధన్యవాదం, ఈ మాట పొద్దున్నే అంటే ఏం పోయింది?

మెట్ల మీద యజమాని గొంతు ముందొచ్చింది, మనిషి తరవాత వచ్చాడు, ఆయన వెనక శాస్త్రవేత్త, తెల్ల చొక్కా, జేబులో రెండు కలాలు, అక్క చెప్పినట్టే మెత్తటి అడుగులు. "వెళ్లాయా?" "వెళ్లాయండీ, తీసుకున్నారు." "చూశారా సార్, ఫోటోలు చేస్తే ఎందుకెళ్లవు!" "ఫోటోలు చెయ్యలేదండీ" అంది ఆమె. ఆయన ఆ మాట పట్టించుకోలేదు, సార్‌కి కుర్చీ లాగుతున్నాడు. శాస్త్రవేత్త కూర్చుని, "బొమ్మలు బాగా వచ్చాయా అమ్మా? ఈ పుస్తకానికి బొమ్మలే ప్రాణం" అన్నాడు. ప్రాణమట, ఆ ప్రాణం ఎవరు పోశారో చెప్పవేం? "మీరే చూడండి" అని పేజీ తిప్పింది. జోరీగ. ఆయన ముఖం మొదట వెలిగింది, అది నటన కాదు, నిజంగానే వెలిగింది, పురుగులంటే ఆయనకు ప్రేమే కాబోలు, అందుకే ఆమెకు ఇంకా మండింది. తరవాత ఆయన చూపు కిందికి దిగింది. పక్క పేజీ ఆయనే తిప్పాడు. ఆ పక్కది కూడా.

"ఈ షీట్లు... నీకెక్కడివి?"

"మీరిచ్చినవేనండీ. మీ ముక్కల్లోనే ఉన్నాయి, ప్రతి ముక్కలోనూ."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ మూలలు బాగోలేవు. తీయించెయ్యండి" అన్నాడు, ఆమెతో కాదు, యజమానితో. యజమానికి బాగుందో లేదో ఎందుకు, సార్ అన్నారంటే అన్నారు, అప్పుడే అచ్చాఫీసుకి ఫోన్ కలిపి బల్ల మీద పెట్టాడు, అవతల మిషను రొద గదంతా నిండింది. "ఒక్క నిమిషం ఆపండి, సార్ ఏదో తీయమంటున్నారు." "ఏం తీయాలండీ?" అన్నాడు అవతలివాడు. యజమాని సార్ వైపు చూశాడు. "కింద ఉన్న అక్షరాలు" అన్నాడు సార్. "పేజీ అంకెలాండీ?" "అంకెలు కాదు. ఆ మూలన, పేరు." "ఎవరి పేరండీ? ఏ పేరో చెప్తే, అన్ని పేజీల్లోనూ వెతికి తీయిస్తాను." మిషను తిరుగుతోంది. తాతగారి ఎర్రకలం గాల్లో ఆగింది. శాస్త్రవేత్త ఫోన్ వైపు చూస్తున్నాడు, దొంగకి తేలు కుట్టినట్టు, అరవలేడు, ఊరుకోలేడు. అక్కని ఇన్నేళ్లూ బొమ్మలమ్మాయి అని పిలిచాడట, పేరు పెట్టి ఒక్కసారీ పిలవలేదట. ఇప్పుడు దాన్ని తుడిపించాలంటే ముందు నోటితో పలకాలి, ఇంతమంది ముందు.

"ఏం లేదు. అలాగే ఉండనివ్వండి" అన్నాడు చివరికి. యజమాని ఫోన్ కట్టేశాడు, ఏదో జరిగిందని తెలిసింది గానీ ఏం జరిగిందో తెలియక ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

ఇక్కడితో చల్లారాలి కదా ఆమె కోపం. చల్లారలేదు. ఇంత తేలికా? ఉండనివ్వండి, ఒక్క మాట, ఆయన జేబులోంచి ఏమీ పోలేదు, పైకప్పు విరిగి మీద పడలేదు, ఈ మాట ఆ టీ గ్లాసు ముందు అని ఉంటే ఏం పోయేది, ఏడుపు బయటికి వినపడకుండా అక్క బాత్రూములో కుళాయి తిప్పుకుని కూర్చున్న రోజుల్లో అని ఉంటే ఏం పోయేది? దయ తలచినట్టు ఉండనివ్వండట. ఉండనివ్వడానికి నువ్వెవరు, అది ఉన్నదే. ఆమె కుర్చీ తెరవైపు తిప్పింది, అట్టతోపాటు వెళ్లాల్సిన మొదటి పేజీ తెరిచింది, రచన, చిత్రాలు అని ఉన్న వరసని రెండుగా విడదీసింది. రచన పక్కన ఆయన పేరు అలాగే ఉంచింది. చిత్రాలు పక్కన ఖాళీ వదిలి, అక్కడ కర్సరు మిణుకుమంటుంటే, "ఈ పేజీ ఇంకా వెళ్లలేదండీ. ఇక్కడ ఏం కొట్టమంటారు?" అంది.

"ఏమ్మా, ఏంటిది, సార్‌తో అలాగేనా..." అన్నాడు యజమాని.

"ఆవిడ మా అక్కండీ" అంది ఆమె, తల తిప్పకుండా.

వెనక కుర్చీ కిర్రుమంది. తరవాత శాస్త్రవేత్త గారు అక్క పేరు చెప్పారు, ఇంటిపేరుతో సహా, అంటే తెలుసన్నమాట, ఇన్నేళ్లూ తెలుసన్నమాట. చాలా నెమ్మదిగా చెప్పారు, తాతగారికి వినపడింది, యజమానికి వినపడింది, అందరికన్నా ఎక్కువగా ఆమెకు వినపడింది. ఆమె వేళ్లు మీటల మీద పెట్టుకుని, కదపకుండా, "ఏమన్నారండీ? కాస్త గట్టిగా చెప్పండి" అంది.